పాత ఆపరేటింగ్ సిస్టంల తలుపులు తెరవండి

(ఎల్.బి. నగర్‌లో చేసిన ఎ.ఎస్. రావు స్మారకోపన్యాస పాఠం)

 

ఎ.ఎస్. రావు, అంటే అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. పుట్టింది 1914లో. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ పట్టా తీసుకుని తిరిగొచ్చి, హోమీ భాభా నడిపిన అణుశక్తి కార్యక్రమంలో చేరారు. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడినప్పుడు దానికి తొలి సారథి ఆయనే. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003లో కన్నుమూశారు. మనం కూర్చున్న ఈ ఎల్.బి. నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా పైకి వెళ్తే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. దాని పక్కనే ఆయన పేరు పెట్టుకున్న కాలనీ ఉంది. రోజూ ఆ బోర్డు చూస్తూ బస్సెక్కే పిల్లల్లో చాలామందికి ఆ పేరు వెనక ఉన్న పని తెలియదు.

ఆ పనిలో ఒక భాగం కంప్యూటర్లు. 1969లో టీడీసీ-12 వచ్చింది. మన దేశంలో రూపకల్పన జరిగి, అమ్మకానికి తయారైన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. డెబ్బైల నడుమ పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చింది. యంత్రం ఒక్కటే చేస్తే చాలదు. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ కావాలి, ప్రోగ్రాంలు రాసుకోవడానికి అసెంబ్లర్లు, కంపైలర్లు కావాలి. ఆ పని కూడా మన ఇంజనీర్లు ఇక్కడి జీతాల మీదే చేశారు. ఆ జీతాలు ప్రజల సొమ్ము.

అందుకే ఈ రోజు పాత ఆపరేటింగ్ సిస్టంల గురించి మాట్లాడదలుచుకున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అమ్మడం మానేసిన ఆపరేటింగ్ సిస్టంను, అది కంపెనీదైనా ప్రభుత్వ సంస్థదైనా, సోర్స్ కోడ్‌తో సహా, అందరూ చదవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి వీలిచ్చే లైసెన్సుతో ప్రజలకు అప్పగించాలి. ప్రజల సొమ్ముతో రాసినవి ముందుగా బయటికి రావాలి.

వాడటం నేర్పిన వీధి

దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలు బస్సు దిగి మొదట అడుగుపెట్టే చోటు ఇది. సాయిబాబా గుడి నుంచి చైతన్యపురి దాకా మేడ మీద మేడ కోచింగ్ సెంటర్లు. తొంభైల్లో ఇక్కడ చెప్పిన పాఠం డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. తర్వాత సీ, సీ ప్లస్ ప్లస్, ఒరాకిల్, జావా. ఆ తర్వాత వచ్చినవి మీకే తెలుసు. ఈ వీధి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రులకు కొడుకులు, కూతుళ్లు ఆ అప్పు తీర్చగలిగారంటే అందులో ఈ వీధి చేసిన సాయం ఉంది. ఆ గౌరవంతోనే ఒక లోటు చెబుతున్నాను.

ఇక్కడ డాస్ కమాండ్లు నేర్పాం. ఆ కమాండ్ కొట్టాక లోపల ఏం జరుగుతుందో నేర్పలేకపోయాం. నేర్పడానికి మన చేతిలో ఏమీ లేదు. డైరెక్టరీ చూపించమని అడిగితే డిస్కు మీద ఏ చోట వెతుకుతుంది, ఫైలు తుడిచేస్తే నిజంగా తుడిచేస్తుందా లేక పేరు మాత్రమే కొట్టేస్తుందా అని ఒక తెలివైన పిల్ల అడిగితే, పుస్తకంలో ఉన్న బొమ్మ చూపించాం. అసలు కోడ్ కంపెనీ బీరువాలో ఉండేది. దాని సోర్స్ చూడాలంటే ఆ కంపెనీలో ఉద్యోగం రావాలి. ఉద్యోగం రావాలంటే ముందే అది తెలిసి ఉండాలి. ఈ చిక్కుముడిలో మన పిల్లల ఒక తరం గడిచిపోయింది.

చదవనిచ్చిన కోడ్ ఏం చేసింది

చదవనిస్తే ఏమవుతుందో చెప్పడానికి యూనిక్స్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన యూనిక్స్ ఆరో ఎడిషన్ 1975లో వచ్చింది. దాని కెర్నల్ దాదాపు తొమ్మిది వేల లైన్లు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే ఆచార్యుడు ఆ లైన్లను తన విద్యార్థుల కోసం అచ్చువేసి, పక్కన వ్యాఖ్యానం రాశారు. మన సంప్రదాయంలో మూలానికి టీకా రాసినట్టే రాశారు. ఒక నిజమైన ఆపరేటింగ్ సిస్టంను మొదటి లైను నుంచి చివరి లైను దాకా తరగతి గదిలో కూర్చుని చదవగలిగారు.

1979లో ఏడో ఎడిషన్ వచ్చేసరికి లైసెన్సు మారింది. బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ ఆ సోర్స్‌ను తరగతుల్లో పాఠంగా చెప్పకూడదంది. ఆ వ్యాఖ్యానం ఫొటోస్టాట్ కాపీలుగా దేశదేశాలు తిరిగింది. కాపీ మీద కాపీ తీసిన కాగితాల్లో అక్షరాలు మసకబారినా పిల్లలు వాటినే చదువుకున్నారు. అది పుస్తకంగా బహిరంగంగా అచ్చయింది 1996లో. ఆ పదిహేడేళ్లలో ఎందరు విద్యార్థులు ఆ కాగితాల కోసం వెతుక్కున్నారో ఆలోచించండి.

పాఠం చెప్పకూడదన్నందుకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ సొంతంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం రాసుకున్నారు. 1987లో వచ్చిన ఆ మినిక్స్‌ను పుస్తకంతో పాటు ఇచ్చారు. దాన్ని చదివిన హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది ఆ లినక్స్ కెర్నలే. ఒక తరగతి గదిలో చదవడానికి దొరికిన కోడ్ నుంచి ఇంత పెద్ద వంశవృక్షం పెరిగింది. చివరికి 2002 జనవరి 23న కాల్డెరా అనే కంపెనీ, అప్పటికి తన చేతికి వచ్చిన పాత యూనిక్స్ ఎడిషన్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేస్తూ ఉత్తరం రాసింది. ఆరో ఎడిషన్ స్ఫూర్తితో ఎంఐటీలో తయారైన ఎక్స్‌వీ6 అనే బోధనా సిస్టంను నేడు ఎన్నో దేశాల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుతున్నారు.

పాత సిస్టంకు ఒక గొప్ప గుణం ఉంది. అది చిన్నది. నేటి విండోస్‌ను గానీ లినక్స్‌ను గానీ ఒక మనిషి పూర్తిగా చదవలేడు. మొదటి తరం ఎంఎస్-డాస్ సోర్స్ మొత్తం మూడు వందల కిలోబైట్ల లోపే. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫొటో అంతకంటే పెద్దది. ఇంటర్మీడియట్ చదివిన పిల్ల ఒక సెలవుల్లో కూర్చుని దాన్ని అర్థం చేసుకోగలదు. అర్థం చేసుకున్నాక కంప్యూటర్ అంటే ఆమెకు భయం ఉండదు.

చూడనివ్వడం వేరు, ఇవ్వడం వేరు

ఎంఎస్-డాస్ విషయంలో జరిగింది మీరు జాగ్రత్తగా గమనించాలి. సియాటిల్‌లో టిమ్ పేటర్సన్ 1980లో రాసిన సిస్టంను మైక్రోసాఫ్ట్ కొన్నది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో అది ప్రపంచంలోకి వచ్చింది. 2014 మార్చి 25న కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంతో కలిసి మైక్రోసాఫ్ట్ దాని తొలి వెర్షన్ల సోర్స్‌ను బయటపెట్టింది. అందరం సంతోషించాం. లైసెన్సు చదివితే ఏముంది? పరిశోధన కోసం చూసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒక మాస్టారు దాన్ని డౌన్‌లోడ్ చేసి తన క్లాసు పిల్లలకు పంచితే నిబంధన దాటినట్టే.

2018 సెప్టెంబరులో అదే కోడ్‌ను ఎంఐటీ లైసెన్సుతో మళ్లీ పెట్టారు. కోడ్‌లో మార్పు లేదు. హక్కులో మాత్రం ఎంతో మార్పు వచ్చింది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మూల రచయితల పేరు, లైసెన్సు పాఠం తీసేయకుండా ఉంచితే చాలు. 2024 ఏప్రిల్ 25న, ఐబీఎంతో కలిసి రూపొందించిన ఎంఎస్-డాస్ 4.00 కూడా అదే లైసెన్సుతో వచ్చింది. అంతకు ముందు 2020లో జీడబ్ల్యూ-బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సోర్స్ కూడా వచ్చింది. ఈ విడుదలల వల్ల మైక్రోసాఫ్ట్ వ్యాపారానికి వచ్చిన నష్టమేమీ కనబడదు. లోకానికి వచ్చిన లాభం మాత్రం కళ్లెదుటే ఉంది.

దీనికి భిన్నంగా ఆపిల్ 2023 జనవరిలో తన పాత లీసా కంప్యూటర్ సోర్స్‌ను అదే మ్యూజియం ద్వారా ఇచ్చింది. లైసెన్సు మాత్రం చదువుకోవడానికే పరిమితం. మెచ్చుకుందాం. కానీ అది పూర్తి విడుదల అని ఒప్పుకోకూడదు. అద్దాల బీరువాలో పెట్టి చూపించడం మ్యూజియం పని. ఓపెన్ సోర్స్ అంటే చేతికి ఇవ్వడం.

డీటీపీ షాపులో బందీ అయిన తెలుగు

ఇదంతా అమెరికా ముచ్చట అనుకునేవారుంటే, ఈ సభ నుంచి ఇంటికి వెళ్తూ దారిలో ఏ డీటీపీ షాపులోనైనా ఆగండి. కొత్తపేటలోనో మలక్‌పేటలోనో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, కవితా సంపుటాలు కంపోజ్ చేసే చోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 నడుస్తోంది. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. దాని తర్వాత పేజ్‌మేకర్‌లో కొత్త వెర్షన్ రాలేదు. దానితో పాటు వాడే తెలుగు ఫాంట్లు యూనికోడ్‌కు ముందు పద్ధతిలో, ఎవరి సంకేతాలు వారివిగా తయారైనవి. అందుకే ఆపరేటర్ అన్నలు పాత విండోస్ ఉన్న ఒక కంప్యూటర్‌ను పసిబిడ్డలా కాపాడుకుంటారు. హార్డ్‌డిస్క్ పోతే అదే పాత సిస్టం మళ్లీ ఎక్కించడానికి సీడీ కోసం వెతుకుతారు.

పాతికేళ్ల తెలుగు సాహిత్యం ఆ ఫైళ్లలో ఉంది. నవలలు, పరిశోధన గ్రంథాలు, స్థానిక చరిత్రలు, సావనీర్లు అన్నీ అక్కడే. ఆ ఫైలు తెరవాలంటే ఆ పేజ్‌మేకర్ కావాలి, ఆ ఫాంటు కావాలి, వాటిని నడిపే ఆ ఆపరేటింగ్ సిస్టం కావాలి. మూడింటిలో ఏ ఒక్కటి పోయినా అక్షరం గుర్తుపట్టలేని గీతలవుతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతో 2001లో తెలుగు ఫాంటు వచ్చినా, ముద్రణ మాత్రం పాత దారిలోనే సాగింది. దీనికి డీటీపీ సోదరులను తప్పుపట్టే పని లేదు. వాళ్లకు బతుకుతెరువు నడవాలి. ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ను తెరవకుండా వదిలేసిన పద్ధతిదే తప్పు. ఫైలు నిర్మాణం, ఫాంటు సంకేతాల పట్టిక, వాటిని నడిపిన సిస్టం సోర్స్ బయట ఉంటే, మన ఇంజనీరింగ్ పిల్లలే ఆ పుస్తకాలన్నిటినీ యూనికోడ్‌లోకి తెచ్చే పని చేయగలరు.

తెలుగులో తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో చూశాం కూడా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు చేసి స్వేచ్ఛగా ఇచ్చారు. అవి లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. సిలికానాంధ్ర, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోడ్పాటుతో వచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్లాయి. ఈ రోజు ఫోన్‌లో శుభాకాంక్షల బొమ్మ చేసుకునే పిల్లవాడి నుంచి పుస్తకం అచ్చువేసే ప్రచురణకర్త దాకా వాటిని వాడుతున్నారు. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులో అందించడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. సోర్స్ చేతిలో ఉండబట్టే మెనూలో తెలుగు మాట పెట్టగలిగారు.

పంపకాలు ముందే జరగాలి

సరే, ఇవ్వాలనే అనుకుందాం. ఇవ్వడానికి హక్కు ఎవరిది? ఇక్కడే అసలు ఇబ్బంది. ఊళ్లో పెద్దాయన బతికుండగా పంపకాలు చేయకపోతే, ఆయన పోయాక మనవళ్లు దస్తావేజులు పట్టుకుని కోర్టు మెట్లెక్కుతారు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన సీపీ/ఎం ఎంఎస్-డాస్‌కు ముందటి తరంలో పేరున్న సిస్టం. ఆయన కంపెనీ నోవెల్‌కు, అక్కడి నుంచి కాల్డెరాకు, మళ్లీ వేరే చేతులకు మారింది. 2001లో ఇచ్చిన అనుమతి అందరికీ వర్తిస్తుందా, కొందరికేనా అన్న సందేహం ఇరవై ఏళ్లు నడిచింది. 2022 జూలైలో హక్కుదారు బ్రయాన్ స్పార్క్స్ విప్పి రాసి ఇచ్చాకే తెరిపిన పడింది. కిల్డాల్ 1994లోనే చనిపోయారు. యూనిక్స్ సంగతీ అంతే. కాల్డెరా 2002లో ఉత్తరం రాసి ఇచ్చాక, ఆ హక్కులు అసలు నోవెల్‌వని 2010లో అమెరికా కోర్టులో జ్యూరీ తేల్చింది.

చట్టం గడువు ముగిసేదాకా ఆగుదామంటే కుదరదు. అమెరికాలో కంపెనీ రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. ఆ లెక్కన 1981 నాటి డాస్ 2076 ముగిసేదాకా బందీయే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలకు, ప్రభుత్వ రంగ సంస్థల రచనలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. టేపు అంతకాలం బతకదు. ఫ్లాపీ బతకదు. రాసిన మనిషీ ఉండడు. అయితే అదే చట్టం 21వ సెక్షన్ రచయితకు తన హక్కును తానే వదులుకునే వీలిచ్చింది. లైసెన్సు ఇవ్వడానికైతే ఆ సెక్షన్ కూడా అక్కర్లేదు, యజమాని సంతకం చాలు.

అభ్యంతరాలు లేవని నేను అనను. మొదటిది, అందులో ఇతరుల కోడ్ ఉందంటారు. నిజమే. ఐబీఎం ఓఎస్/2ను తెరవమని వాడకందార్లు ఎంత అడిగినా ఇవ్వలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. దానికి మందు, ఇతరుల భాగాలను తీసేసి మిగతాది ఇవ్వడం. ఇక నుంచి రాసుకునే ఒప్పందాల్లో అమ్మకం ఆగిన నాడు సోర్స్ తెరుస్తామన్న షరతు చేర్చడం. రెండోది భద్రత. పాత కోడ్ బయటపడితే దొంగలకు దారి దొరుకుతుందంటారు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ దాడి చేసినవాళ్లకు ఎవరూ సోర్స్ చేతికివ్వలేదు. అయినా దారి దొరికింది. పాత విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది కాబట్టి, మరమ్మతు చేయడానికి లోకంలో ఒక్క కంపెనీ తప్ప దిక్కులేదు. కంపెనీ ప్రత్యేకంగా ప్యాచ్ ఇస్తే తప్ప గడవలేదు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. నిన్నటిదాకా వాడిన వాటిని ఈ రోజే తెరవమని నేను అడగడం లేదు. కొన్నేళ్ల గడువు పెట్టండి. గడువంటూ ఒకటి ఉండాలి.

మూడోది, ఇచ్చాక మనసు మారితే? తన సోలారిస్ ఆపరేటింగ్ సిస్టంను సన్ కంపెనీ 2005లో ఓపెన్ సోలారిస్ పేరుతో తెరిచింది. ఒరాకిల్ చేతికి వెళ్లాక 2010లో తలుపు మూసుకుంది. అయితే అప్పటికే ఇచ్చిన కోడ్‌ను వెనక్కి తీసుకునే వీలు లైసెన్సులో లేదు. ఇల్యూమోస్ పేరుతో అది నేటికీ సాగుతోంది. అందుకే లైసెన్సు గట్టిగా ఉండాలంటున్నాను.

మన ఇంటి పని

ఇక మన దగ్గరికి వద్దాం. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ వాడకంపై ఒక విధానం, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ తెరవడంపై మరో విధానం ప్రకటించింది. రెండూ మంచివే. వాటి చూపు కొత్త అప్లికేషన్ల మీద ఉంది. ఆ వెలుగు పాత వాటి మీద కూడా పడాలి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు దాని యంత్రాలను మన ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ నడిపించింది. రైల్వే రిజర్వేషన్ సిస్టం చేసింది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించే కార్డ్ పథకం వచ్చింది. 2001లో ఈ-సేవ వచ్చింది. ఈసీఐఎల్ టీడీసీ యంత్రాల సాఫ్ట్‌వేర్ సరే సరి. ఇదంతా మన ఇంజనీరింగ్ చరిత్ర. తెలుగువాళ్లు కంప్యూటర్ రంగంలోకి వచ్చింది అమెరికా వీసా కోసమేనన్న మాట వింటుంటాం. ఈ కోడ్ బయటికొస్తే, వీసాల కాలానికి ముందే కుషాయిగూడలో కూర్చుని యంత్రానికి ప్రాణం పోసిన వాళ్లున్నారని పిల్లలు తమ కళ్లతో చదువుతారు.

కాబట్టి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

ఈసీఐఎల్ యాజమాన్యానికి, అణుశక్తి శాఖకు: టీడీసీ యంత్రాల సిస్టం సాఫ్ట్‌వేర్, మాన్యువళ్లు, లిస్టింగులు ఏవున్నా ఒక జాబితా చేయండి. రక్షణ అవసరాలకు చెందినవి పక్కన పెట్టండి. మిగిలినవి స్కాన్ చేసి, ఎంఐటీ లాంటి సరళమైన లైసెన్సుతో విడుదల చేయండి. ఆ తరం ఇంజనీర్లు ఈ సభలో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకం మనకు అందుబాటులో ఉండగానే ఆ కోడ్‌కు టీకా రాయించండి.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నిర్వాహకులకు: వారానికి ఒక గంట కోడ్ చదవడానికి కేటాయించండి. విడుదలైన ఎంఎస్-డాస్ వెర్షన్ల సోర్స్ ఇప్పుడు ఎవరైనా ఉచితంగా, చట్టబద్ధంగా పంచుకోవచ్చు. ఫీజు అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. ఒక మాస్టారు, ఒక ప్రొజెక్టర్ చాలు.

విద్యార్థులకు: డీటీపీ షాపులకు వెళ్లండి. పాత తెలుగు ఫైళ్లను, రచయితల అనుమతితో, యూనికోడ్‌లోకి మార్చే పనికి పూనుకోండి. మీరు రాసే ప్రతి ప్రోగ్రాంకూ మొదటి రోజే మంచి లైసెన్సు పెట్టండి. మన తర్వాత వచ్చేవాళ్లు మన కోడ్ కోసం ఎవరి అనుమతికీ ఎదురుచూడాల్సిన పని ఉండకూడదు.

ఎ.ఎస్. రావు గారు ఎలక్ట్రానిక్స్‌లో ఈ దేశం తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయడానికి జీవితం ధారపోశారు. మనం వాడే యంత్రాన్ని మనం చదవగలిగిన రోజునే ఆ పని పూర్తవుతుంది. ఆ చదువుకు అడ్డుగా ఉన్న తలుపులు తెరవమని, తాళాలు చేతిలో ఉన్న ప్రతి సంస్థనూ ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను.